ముందున్నవాళ్ల పక్కన జాగా

గౌడవెల్లిలో మాది రేకుల ఇల్లు. గట్టి వాన పడితే పక్కవాళ్ల మాట వినపడదు. ఆ సాయంత్రం ముసురు పట్టింది. నేను గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాను. మనవరాలు అశ్రిత మంచం మీద కూర్చుని, మేడ్చల్‌లో కొనుక్కొచ్చిన బుల్లి కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకుంది. టిఫిన్ డబ్బా మూతంత ఉంటుంది. మడిచి జేబులో వేసుకోవచ్చు. ఎవరో వాడి వదిలేసింది.

నాకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. కొడుకును ఫ్యాక్టరీ బాయిలర్ తిన్నది. కోడలు ఆ దిగులుతోనే పోయింది. నేను రాళ్లు మోశాను. కూలి పెంచమని గేట్ల ముందు కూర్చుని లాఠీలు తిన్నాను. రోడ్డు కోసమని మా పాత ఇల్లు కూలగొట్టడానికి వస్తే బుల్‌డోజర్‌కు అడ్డం పడుకున్నాను. ఇల్లు దక్కలేదు. ఈ పిల్ల దక్కింది. కండ్లకోయలో ఇంజనీరింగు చదువుతోంది. అక్కడ కంప్యూటర్ లేకుండా చదవడమంటే కొడవలి లేకుండా కోతకు పోవడమే.

కొన్నదాంట్లో ఉన్న సిస్టం తెరుచుకోదు. పాతవాళ్ల పాస్‌వర్డ్ అడుగుతుంది. లైనక్స్ అని ఇంకో సిస్టం ఉంది, అది ఎక్కించుకో, పైసా ఖర్చు లేదు అని తోటి పిల్లలు చెప్పారట. ఊరికే ఎవడిస్తడే అని గయ్యిమన్నాను. లోకంలో శానామంది కలిసి తయారుచేసి అందరికీ వదిలేశారని చెప్పింది. ఆ మాట నాకు నచ్చింది. పదిమంది కలిసి చేసిన పనిని నేనెప్పుడూ కాదనలేదు.

అమ్మిన మోయిజ్‌ది మేడ్చల్ బస్ డిపో దగ్గర పాత ఫోన్ల దుకాణం. ముందు అంతా సాఫ్ చేసుకో బేటా, పాతది ఏదీ ఉంచకు అని చెప్పి పంపాడట. ఎందుకని పిల్ల అడగలేదు. అమ్మేవాళ్లు అట్లాగే చెబుతారనుకుంది.

పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెట్టింది. అంతలోనే కరెంటు పోయింది. ఇంట్లో ఆ తెర వెలుగు ఒక్కటే మిగిలింది. నీలంగా, సన్నగా.

"అవ్వా, అడుగుతాంది ఇది," అంది. "పాతదాన్ని మొత్తం తుడిచెయ్యాల్నా, దాన్ని పక్కకు జరిపి జాగ చేస్కోవాల్నా అని."

ఇంకెవరైనా తుడిచెయ్యమనేవాళ్లు. నా నోట ఆ మాట రాలేదు. మా గోడలు కూలిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"ఉన్నోళ్లను ఎల్లగొట్టుడు మన ఇంటా వంటా లేదు," అన్నాను. "జెర జరుగుమని చెప్పి పక్కన కూసో."

పిల్ల నవ్వింది. నొక్కింది.

కాసేపటికి చప్పుడు మొదలైంది. సన్నగా. ముందు దోమ అనుకున్నాను. లోపల ఫ్యాన్ తిరుగుతోందని అశ్రిత చెప్పింది. చప్పుడు పెరిగింది. సాగి సాగి... ఊపిరి కోసం ఆగి... మళ్లీ మొదలయ్యేది. ఫ్యాన్‌కు ఊపిరెందుకు? వాసన కూడా వచ్చింది. ఏళ్ల తరబడి తలుపు తీయని గదిలో తడిబట్టలు మురిగిన వాసన.

పక్కింటి బుచ్చవ్వ నెత్తిన గోనెసంచి కప్పుకుని వచ్చింది. ఎవరి పసిపిల్ల అట్లా గుక్కపెట్టి ఏడుస్తోందని అడిగింది. పిల్ల కాదు, డబ్బా అని చూపించాను. ఆమె నవ్వలేదు. మంచం పక్కన గొంతుక్కూర్చుంది.

మా దిక్కు ఒక అలవాటుంది. పుట్టిన పిల్ల ఊరుకోకుండా ఏడిస్తే, ఆ ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ఏ పేరుకు ఏడుపు ఆగితే వాళ్లే మళ్లీ వచ్చినట్టు. బుచ్చవ్వ అదే పని మొదలుపెట్టింది. అంజయ్యా అని నా పెనిమిటిని పిలిచింది. నాగసాయీ అని నా కొడుకును పిలిచింది. వినోదా అని కోడలిని పిలిచింది. డబ్బా ఏడుస్తూనే ఉంది.

నాకు ఒళ్లు మండింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది బుచ్చవ్వా. శామీర్‌పేట చెరువుల పడి సచ్చిన బర్రెలను గూడ పిలువరాదు," అన్నాను. పిల్ల వైపు తిరిగాను. "అశ్రితా, ఇగ బంద్ జెయ్యే దాన్ని."

ఆగింది.

పిల్ల చెయ్యి ఇంకా దాని మీదికి పోనేలేదు.

బుచ్చవ్వ నన్ను చూడలేదు. పిల్లను చూసింది. పాదాల నుంచి ముఖం దాకా చూసింది. లేచి, గోనెసంచి అక్కడే వదిలేసి వానలోకి వెళ్లిపోయింది.

ఎక్కించుడు అయిపోయింది, అందుకే ఆగింది అని అశ్రిత చెప్పింది. తెర ఇప్పుడు పేరు అడుగుతోందట. తన పేరు కొట్టింది. మళ్లీ కొట్టింది.

"ఈ పేరుతోని ముందే ఉన్నరంట అవ్వా."

లోకంలో అశ్రితవి నువ్వొక్కదానివేనా అన్నాను. ఎవరో చూద్దామని పిల్ల పాత సిస్టం మీద నొక్కింది. ఈసారి అది పాస్‌వర్డ్ అడగలేదు. తెర నల్లబడింది. వెలుగు లేదు... అయినా పిల్ల ముఖం కనిపిస్తోంది.

"ఏమున్నదే అండ్ల?"

"తలుపు మూసిన అర్ర ఉన్నది. ఎడమ గోడకు స్విచ్ ఉన్నది." గుసగుసగా అంది.

"ఎవలన్న ఉన్నరా?"

తెర మీదికి ఇంకా వంగింది.

"నన్ను... జెర పక్కకు జరుగుమంటున్నరు."

మూత దబ్బున మూశాను. పిల్ల కళ్లు ఇందాక తెర ఉన్నచోటే నిలిచిపోయాయి. భుజం పట్టి ఊపాను. బట్టలు పిండినట్టు ఒళ్లంతా చెమట. కరెంటు వచ్చింది. పిల్ల నన్ను చూసి, ఆకలవుతోందని చెప్పింది.

తెల్లారి ఆ డబ్బాను పట్టుకుని మోయిజ్ దగ్గరికి పోయాను. దుకాణంలో నిలబడి తిట్టాను. ఎవరిదిరా ఇది అని అడిగాను. తుక్కులో వచ్చింది, తనకూ తెలియదని చెప్పాడు. తలవంచుకుని, నా ముందే మొత్తం సాఫ్ చేస్తానన్నాడు. చెయ్యి, జల్దీ చెయ్యి అన్నాను.

చేస్తుంటే అండ్ల నుంచి మళ్లీ ఏడుపు వచ్చింది. బస్సుల హారన్లలో ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. రాత్రి విన్న ఏడుపు కాదది. ఈ ఏడుపు నాకు తెలుసు. తల్లి పనికి పోయినప్పుడు ఉయ్యాలలో అశ్రిత ఏడ్చిన ఏడుపు. అదే గొంతు... చివర్లో అదే వెక్కిళ్లు...

ఆపమని నేను నోరు తెరిచేసరికి తెర ఖాళీ అయింది.

"అయిపోయిందమ్మా," అన్నాడు మోయిజ్. "ఇగ అండ్ల ఎవరు లేరు."

పిల్ల కాలేజీకి పోతోంది. వస్తోంది. తింటోంది. ఏమైందని అడిగితే ఏం కాలేదంటుంది. కానీ నిద్రలో ఏడుస్తుంది. సన్నగా, సాగి సాగి, ఊపిరి కోసం ఆగుతూ. తల దగ్గర కూర్చుని, అశ్రితా, అశ్రితా అని పిలుస్తాను. ఆగదు. ఇంట్లో పోయినవాళ్ల పేర్లన్నీ అయిపోయాయి. ఊళ్లో పోయినవాళ్ల పేర్లు కూడా అయిపోవచ్చాయి. లాఠీల ముందు వెనక్కి తగ్గని దాన్ని. ఎవరి మీద కొట్లాడాలో ఇప్పుడు తెలియదు.

నిన్న తెల్లారుగట్ల ఏడుపు దానంతటదే ఆగింది. పిల్ల లేచింది. చీకట్లో తడుముకోకుండా ఎడమవైపు గోడ దగ్గరికి నడిచింది. ఆ గోడకు ఎన్నడూ స్విచ్ లేదు. ఉత్త సున్నం. అక్కడ వేలు పెట్టి నొక్కింది.

నొక్కి... వెలుగు కళ్లల్లో పడినట్టు, చెయ్యి అడ్డం పెట్టుకుంది.