ఖాళీ రోడ్డు మీద బ్రేక్

ఉదయం ఏడు గంటలు. ఐఫెల్ కొండదారిలో గెర్విన్ కెస్లర్ శవం పడి ఉంది.

కారు గుద్దింది. గుద్దినవాళ్లు ఆగలేదు.

కారు కోసం ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. కార్ల క్లబ్ షెడ్డు వెనకే ఉంది. ఎర్ర హ్యాచ్‌బ్యాక్, బానెట్ నొక్కుకుపోయింది. లోథార్ ఫాసెన్‌ది.

ఇన్‌స్పెక్టర్ వీబ్కె థేలెన్ అతన్ని కూర్చోబెట్టింది.

"మొన్న క్లబ్బులో గెర్విన్‌తో గొడవెందుకు?"

"గేర్ల గురించి."

"గేర్లకే కాలర్లు పట్టుకుంటారా?"

"నాది డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్ మేడమ్. క్లచ్ పెడల్ ఉండదు, రెప్పపాటులో దానంతటదే గేరు మారుతుంది. వాడు మాన్యువల్ మొనగాడు. 'కారు నువ్వు నడపట్లేదురా, అదే నిన్ను మోస్తోంది' అన్నాడు. ఒళ్లు మండింది. అంతమాత్రానికి చంపుతానా?"

"తాళం?"

"షెడ్డులో మేకుకే ఉంటుంది. అందరివీ అక్కడే."

క్లబ్బులో కుర్రాళ్లకు మాన్యువల్ కారు నేర్పే ఒట్టీలీ బ్రాంట్షైడ్ మాత్రం తడుముకోకుండా చెప్పింది.

"లోథార్ కారు తీస్తుంటే చూశాను."

ఒకప్పుడు కొండ రేసుల్లో కప్పులు గెలిచిన మనిషి. పోయిన శరదృతువులో ఆమె కొడుకు యానిక్ ఇదే దారిలో బైకు మీంచి పడి చనిపోయాడు.

రొట్టెల వ్యాను నడిపే మెఖ్‌టిల్డ్ ఇంకో సంగతి చెప్పింది.

"ఎర్ర కారు నా ముందే దిగింది. మలుపు దగ్గర టక్కున ఆగిపోయింది. ఎదురుగా పిల్లి కూడా లేదు! నా రొట్టెలన్నీ డాష్‌బోర్డు ఎక్కాయి."

"నడిపిందెవరు?"

"టోపీ కనిపించింది. అంతే."

కానిస్టేబుల్ నవ్వాడు. "తాగి ఉంటాడు మేడమ్."

థేలెన్ నవ్వలేదు.

మర్నాడు షెడ్డులో లోథార్‌నూ ఒట్టీలీనీ ఎదురెదురుగా నిలబెట్టింది.

"నిన్న స్టేషన్‌లోని ఆటోమేటిక్ కారు తీశాను. నా సొంత కారు మాన్యువల్. సిగ్నల్ దగ్గర స్లో చేస్తుంటే ఎడమ కాలు దానంతటదే క్లచ్ కోసం వెళ్లింది. అక్కడ క్లచ్ లేదు. వెడల్పాటి బ్రేకుంది. గట్టిగా తొక్కేశాను."

థేలెన్ ఒట్టీలీ వైపు తిరిగింది.

"లోథార్ ఏళ్లుగా ఆటోమేటిక్కే నడుపుతున్నాడు. ఆయన ఎడమ కాలు కదలదు. ఆయన కారు తీశాడని చెప్పింది మీరొక్కరే. మలుపులో క్లచ్ వెతికిన కాలు మీది, ఒట్టీలీ గారూ."

ఒట్టీలీ తల దించలేదు.

"మా యానిక్ తడి ఆకుల మీద జారాడని వీడూ గెర్వినూ చెప్పారు. ఒకే మాట, అక్షరం పొల్లుపోకుండా. బట్టీ పట్టినట్టు. అప్పుడే తెలిసిపోయింది. ఎవరి గేరు గొప్పో తేల్చుకోడానికి పక్కపక్కన పందెం పెట్టుకుని, నా బిడ్డ మీదికొచ్చారు. ఒకణ్ణి మట్టిలోకి, ఇంకొకణ్ణి జైల్లోకి పంపుదామనుకున్నా." లోథార్‌ను చూసింది. "వీడు తప్పించుకున్నాడు."

"తప్పించుకోలేదు," అంది థేలెన్. "హత్య నెత్తిన పడేసరికి ఈ పొద్దున నోరు విప్పాడు. పందెం నిజం. యానిక్‌ను గుద్దింది ఇతని కారే. గెర్విన్ వెనకున్నాడు. అబద్ధంలో తోడయ్యాడు."

ఒట్టీలీ ముఖం పాలిపోయింది. ఆ కారు స్టీరింగ్ పట్టిన చేతులను చూసుకుంది.

లోథార్ వెక్కిళ్లు పెట్టాడు. "క్షమించండి ఒట్టీలీ గారూ..."

"ఏడవకురా." ఆమె బేడీలకు చేతులు చాచింది. "కోర్టులో గట్టిగా చెప్పు. నన్నెక్కడ కూర్చోబెట్టినా వినపడాలి."