దేవదూత మెడ మీద తెల్లమచ్చ

ప్రసంగం చేసే పుల్పిటు మీది దేవదూతకు తల పోయిందని పాస్టరుగారు పరుగున వచ్చి డిటెక్టివుకు చెబితే, పక్కనున్న అసిస్టెంటుకు నవ్వాగలేదు. తీరా చర్చిలో ఎత్తైన కమానుల కింద, రంగు అద్దాల వెలుగులో ఆ మొండెం చూశాక నవ్వు ఎగిరిపోయింది.

పుల్పిటు చుట్టూ ఉన్న చెక్క దేవదూతలను పూర్వం ఒక వడ్రంగి చెక్కాడు. వాటిలో ఒకటి చెదలు తింటే, దాని చోట కొత్తది చెక్కింది ఆయన చిన్నకొడుకు. "నాన్నే లేచొచ్చి చెక్కినట్టుంది" అని అందరూ మురిసిపోయారు. ఇప్పుడు ఆ కొత్తదాని తలే మాయమైంది. తాళాలు ఉండేది కాపలాదారు దగ్గర కాబట్టి నింద అతని నెత్తిన పడింది. అది దొరక్కపోతే అతనికి ఉద్యోగమూ ఉండదు, చర్చి వెనక ఇల్లూ ఉండదు.

"పగలంతా తలుపులు బార్లా తెరిచే ఉంటాయి కదండీ! ఎవరొచ్చారో నాకేం తెలుసు?" అన్నాడు కాపలాదారు ఏడుపు గొంతుతో.

డిటెక్టివు బొమ్మ మెడ తడిమి చూశాడు. "విరగలేదు. రంపప్పొట్టూ లేదు. పాలిష్ మాత్రం తెల్లబారింది."

ఆ మచ్చను అసిస్టెంటూ చూశాడు, దుమ్మనుకున్నాడు. కళ్ళు తనకూ ఉన్నాయి, పేరు మాత్రం ఎప్పుడూ ఈయనకే! లోపల కుళ్ళుకుంటూనే వెంట నడిచాడు.

వడ్రంగి షెడ్డులో ఆయన పెద్దకొడుకు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. "ఆ బొమ్మను నేను చూడనేలేదండీ. తమ్ముడు చెక్కడం మొదలెట్టాక చర్చి గడప తొక్కలేదు. అయినా అంగీ మెడపట్టీ మడత కింద అతుకు పెడితే నిలుస్తుందా?"

సాయంత్రం డిటెక్టివు అందరినీ చర్చి బల్లల మీద కూర్చోబెట్టాడు.

"తల విడిగా చెక్కావా?" అని చిన్నవాణ్ణి అడిగాడు.

"అవునండీ. అతుకు మడత కింద దాచేశాను. ఎవరికీ చెప్పలేదు."

"వేడినీళ్ళ గుడ్డ చుడితే జిగురు కరిగి తల ఊడొచ్చింది. ఆ తడికే పాలిష్ తెల్లబారింది. అతుకు సంగతి తెలియనివాడైతే సుత్తి పట్టేవాడు. చూడనేలేదన్న బొమ్మకు అతుకు ఎక్కడుందో నీకెలా తెలుసు?" అంటూ డిటెక్టివు పెద్దవాడి వైపు తిరిగాడు.

పెద్దవాడు పనిముట్ల సంచిలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన తలను తీసి బల్ల మీద పెట్టాడు.

"దొంగచాటుగా వచ్చి చూస్తే నేను నేర్పిన అతుకే కనబడింది. పనిలో తప్పు పట్టుకుందామని తీసుకెళ్ళాను. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. పొయ్యిలో పెడదామంటే చెయ్యి రాలేదు."

"ఉలి పట్టడం నేర్పింది నువ్వే కదా అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

"అదే కదరా నా కడుపుమంట!"

పాస్టరుగారు లేచి వెళ్ళి కాపలాదారు రెండు చేతులూ పట్టుకున్నారు. అసిస్టెంటు మాత్రం తన కుళ్ళు గుర్తొచ్చి డిటెక్టివు ముఖంలోకి చూడలేకపోయాడు.