ఆఖరి షోలో ఆగిన పాట

పక్కటెముకల్లో చల్లగా ఏదో గుచ్చుకుంది.

పిస్తోలు!

"కదలొద్దు మాస్టారూ," అంటాడు సెక్యూరిటీ కోటు వేసుకున్న బట్టతలవాడు. "పాట బాగుంది. విననివ్వండి."

సౌండ్ బోర్డు మీద బావమరిది వేళ్లు బిగుసుకుపోతాయి. చుట్టూ చీకట్లో ఇరవై వేలమంది గంతులేస్తున్నారు. ఒక్కడూ ఇటు చూడడు.

వంద గజాల అవతల స్టేజీ. దాని మీద అతని అక్క మొగుడు. అరవై ఎనిమిదేళ్ల పాప్ సింగర్. విదేశీ టూర్‌లో ఇది ఆఖరి షో.

గొంతు ఆపరేషనై మూడేళ్లు. జనం వింటున్నది పాత రికార్డింగ్. బావ చెంపకున్న మైకు పలికేది బావమరిది హెడ్‌ఫోన్‌లో మాత్రమే. ఈ గుట్టు ఇద్దరికే తెలుసు.

ఇప్పుడూ ఆ బొంగురు గొంతు...

"ఒరేయ్, మోకాళ్లు ఊడి చేతికొచ్చేలా ఉన్నాయిరా. ఈ గెంతులు పెట్టినవాణ్ణి చూపించు, తంతాను."

జవాబు చెప్పే వీల్లేదు. తన మాట బావ చెవికి చేర్చే వైరు బట్టతలవాడు అప్పుడే పీకేశాడు.

"ఏం కావాలి మీకు?"

"స్పీకర్ పెట్టెల్లో మా సరుకు చూశాడు మీ బావ. రేపు పోలీసుల దగ్గరికి వెళ్తాడట." గడ్డంతో లైట్ల టవర్ చూపిస్తాడు. "పైన మావాడున్నాడు."

పైన... తుపాకీ గొట్టం!

బావమరిది బోర్డు మీది మీటల వైపు చూస్తాడు.

పాట ఆపేస్తే? బావ పరువు గంగలో కలుస్తుంది. కలవనీ! ఏదో జరిగిందని లోపలికి పరిగెడతాడు. బతుకుతాడు.

మీట నొక్కేస్తాడు.

నిశ్శబ్దం.

బట్టతలవాడు కాల్చడు. కనీసం కోప్పడడు.

బావ పరిగెత్తడు.

అప్పుడు తడుతుంది బావమరిదికి...

రికార్డింగ్ మొరాయిస్తే బావ స్టేజీ అంచుకొచ్చి, చేతులు చాచి, కదలకుండా నిలబడాలి. పాట జనం అందుకుంటారు. ఈలోగా తను సర్దాలి. ఇద్దరూ వందసార్లు ప్రాక్టీసు చేశారు. ఆ ఉపాయం తనదే!

బావ అంచుకొస్తాడు. పెద్ద లైటు కింద చేతులు చాచి బొమ్మలా నిలబడతాడు.

"థాంక్స్ మాస్టారూ. గంటన్నరగా గెంతుతున్నాడు, మావాడికి గురి కుదరట్లేదు. మొన్న రిహార్సల్లో చూశాను మీ ఏర్పాటు. కానీ ఇన్ని మీటల్లో ఏది నొక్కాలో మాకేం తెలుసు?"

బావమరిది చెయ్యి మళ్లీ మీట మీదికి వెళ్తుంది. బట్టతలవాడు మణికట్టు మెలిపెట్టి పట్టుకుంటాడు.

బావమరిది అరుస్తాడు. ఇరవై వేల గొంతులు పాటందుకున్నాయి. తన అరుపు తనకే వినబడదు.

హెడ్‌ఫోన్‌లో బావ.

"కంగారుపడకురా. నిదానంగా చూసుకో. నువ్వు పాట పెట్టేదాకా నేను కదల్ను."

ఢాం!