ముఖం అచ్చు తీసిన సాయంత్రం

హామిల్టన్‌లో మా మేకప్ వర్క్‌షాప్‌కి కిటికీల్లేవు. రబ్బరు వాసన, తడి ప్లాస్టరు వాసన, మూలన హీటరు గురక. నటన నేర్చుకుని, ఏళ్లతరబడి ఆడిషన్లలో "కబురు చేస్తాం" అన్న మాట విని విని అలిసిపోయి ఇక్కడ చేరాను. ఇప్పుడు సినిమాలకి పుండ్లు, కోతలు, శవాల ముఖాలు చేస్తాను.

ఆ రోజు మంచు తుఫాను. శవం వేషానికి ముఖం అచ్చు ఇవ్వడానికి వెండెల్ అనే ముసలి నటుడు రావాలి. చీకటి పడుతుండగా ఒక పెద్దాయన వచ్చి, కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. పేరు అడిగే ఓపిక కూడా లేదు నాకు. గుడ్డ కప్పాను.

"నువ్వూ నటివేనా అమ్మాయ్?" అన్నాడు.

"ఒకప్పుడు."

"ఎందుకు మానేశావు?"

"ఎదురుచూసి చూసి విసుగొచ్చింది."

"నాకింకా రాలేదు," అన్నాడు మెల్లగా.

కళ్ళు మూసుకోమని, ముక్కు రంధ్రాలు మాత్రం వదిలి, ముఖమంతా చల్లటి ముద్ద పట్టించాను. పైన ప్లాస్టరు పట్టీలు వేశాను.

"బాగానే ఉంటే బొటనవేలు పైకెత్తండి. ఊపిరాడకపోతే కిందికి."

వేలు పైకి లేచింది.

ఫోను మోగింది. మా యజమాని గస్.

"ఒడెట్, సర్దేసుకుని ఇంటికి పో తల్లీ. వెండెల్ కారు మంచులో ఇరుక్కుందట. రేపొస్తాడు."

"ఇక్కడే ఉన్నాడుగా..."

"ఇప్పుడే మాట్లాడాను ఆయనతో. నిద్ర చాలక నీకు మతి పోతోంది."

కుర్చీ వైపు చూశాను. వేలు ఇంకా పైకే ఉంది.

"ఎవరు మీరు?" అన్నాను.

వేలు... నెమ్మదిగా... కిందికి తిరిగింది.

తలుపు దాకా పరిగెత్తాను. వెనక ఈల లాంటి ఊపిరి. తొందర తొందరగా... ఎవరైతేనేం, ఆ ముద్ద పూసింది నేను. తిరిగొచ్చాను. రెండు చేతులతో అచ్చు పట్టుకుని లాగాను.

ఊపిరి ఆగింది.

అచ్చు కింద ఎవరూ లేరు. కప్పిన గుడ్డ మెల్లగా కుర్చీలోకి కూలబడింది.

అచ్చు బల్ల మీద వదిలేసి ఇంటికి పారిపోయాను. మర్నాడు నేను వెళ్లేసరికే గస్ అందులో ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక విప్పాడు.

"ఇదెలా తీశావు?" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఎవరి ముఖం అచ్చు తీసినా కళ్ళు మూసుకునే ఉంటాయి. ఆ ముద్ద కంట్లో పడితే ఏ మనిషీ ఓర్చుకోలేడు.

ఆ ప్లాస్టరు ముఖానికి రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి.