పెద్దాయన మందు

శవం మీద చిన్న గాటు కూడా లేదు.

మంచం పక్కన నేల మీద వాంతి. దుప్పటి నిండా వాంతి. పిడికిళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. గాజు కొలిమి యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, కడుపు పట్టుకుని మెలికలు తిరిగి తిరిగి తెల్లవారేసరికి పోయాడు.

అంతకు కొన్నేళ్ళ ముందయితే అజీర్తి అని రాసి కేసు మూసేసేవాళ్ళు. అప్పట్లో విషం పెట్టినవాడు దొరలా తిరిగేవాడు. రంగు తెలియదు, వాసన ఉండదు, రుచి ఉండదు. పట్టుకునేదెవరు? కానీ ఇప్పుడు కొత్త టెస్ట్ వచ్చింది. కడుపులోది కాస్త తీసి, యాసిడ్‌లో జింక్ ముక్కలతో కలుపుతారు. పైకొచ్చే గ్యాస్‌ను సన్నటి గాజు గొట్టంలోంచి పంపి, గొట్టం కింద మంట పెడతారు. ఆర్సెనిక్ అనే ఆ విషం ఉంటే గొట్టం లోపల నల్లగా, తళతళలాడుతూ అద్దంలాంటి పూత పడుతుంది. లేకపోతే గొట్టం గొట్టంలానే ఉంటుంది.

పెద్దాయన కడుపులోది అద్దం కట్టింది.

వంటింటి అటక మీద ఎలుకల మందు పొట్లం దొరికింది. కొన్నది చిన్నకోడలు. అదీ అద్దం కట్టింది. ఇంకేం కావాలి? పోలీసు సూపరింటెండెంట్ ఆమెను ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"మీ మావగారికి మందు కలిపింది ఎవరు?"

"నేనే కలిపాను."

మన భాషలో మందు అనే మాట సంగతి తెలిసిందే కదా. రోగం తగ్గించేదీ మందే, ఎలుకను చంపేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే, కొందరు మగవాళ్ళు సాయంత్రం తాగి వచ్చేదీ మందే. ఆమె ఏ మందు గురించి చెప్పిందో ఎవరూ అడగలేదు. కోర్టుకు ఆ ముక్క చాలింది. అప్పీలు కొట్టేశారు. సోమవారం ఉదయం ఉరి.

శుక్రవారం పొద్దున్నే ఆమె భర్త, పెద్దాయన చిన్నకొడుకు, ఓ పోలీసు ఇన్‌స్పెక్టర్ ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆ ఇన్‌స్పెక్టర్‌కు డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు అనుమానం. ఇంట్లో భార్య టీ ఇస్తే, చక్కెర వేశావా అని రెండుసార్లు అడిగి గానీ తాగడని జోకులు వేసుకుంటారు. ఈ కేసు ఆయనది కాదు. చేతికి రాని కేసు కాబట్టే మనసులో ముల్లులా ఉండిపోయింది.

"సార్, మా ఆవిడ చీమ కనబడినా పక్కకు తప్పుకుని నడిచే మనిషి," అన్నాడు చిన్నకొడుకు. గడ్డం మాసిపోయింది. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. "చంపింది ఇంకెవరో. మా అన్నయ్య కావచ్చు, మా మేనత్త కావచ్చు. ఎవరైనా సరే, నా ముందు నిలబెట్టండి. మా నాన్నను చంపినవాళ్ళ మీద జాలి చూపించకండి."

"ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే సార్."

ఇన్‌స్పెక్టర్ నేరుగా సూపరింటెండెంట్ దగ్గరకు వెళ్ళాడు.

"తీర్పు అయిపోయిన కేసు తవ్వుతావా?" ఆయన తల కూడా ఎత్తలేదు. "కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. నీకు ఎలుక కూడా దొరకదు, ఎలుకల మందు అది తినేసింది."

తన జోక్‌కు తనే నవ్వుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

అక్కడి నుంచి ల్యాబ్‌కు. టెస్ట్ చేసిన ముసలాయనను అందరూ సీసాల డాక్టర్ అంటారు. వేళ్ళన్నీ యాసిడ్ మచ్చలే.

"నా జింక్ మీద అనుమానమా?" అంటూ లేచాడు. "ముందు ఖాళీ టెస్ట్ చేశానయ్యా. జింక్ శుభ్రం, యాసిడ్ శుభ్రం. ఆ కడుపులో ఆర్సెనిక్ ఉంది. లేదంటే నా తల తీసి పక్కన పెడతాను."

"తల ఉంచుకోండి డాక్టర్ గారూ. కడుపులో దొరికిన పొడి ఏ రంగు?"

"తెలుపు. సన్నటి రేణువులు."

"పొట్లంలోది?"

డాక్టర్ అలమారలోంచి పొట్లం తీసి టేబుల్ మీద విప్పాడు. పొడి బూడిదరంగులో ఉంది. షాపులో ఎలుకల మందు అమ్మాలంటే మసి కలిపి అమ్మాలని రూలు. చక్కెర అనుకుని ఎవరూ నోట్లో వేసుకోకూడదని.

"కడుపులో మసి ఉందా?"

"లేదు." ముసలాయన స్టూల్ మీద కూలబడ్డాడు. "ఆర్సెనిక్ ఉందా అని అడిగారు, ఉందన్నాను. రంగు ఎవరూ అడగలేదు. కొత్త టెస్ట్ మోజులో నేనూ గొట్టం వైపే చూశాను. ఛ! కళ్ళుండి గుడ్డివాణ్ణయ్యాను."

"ఇది చాలదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మసి కడిగేసి కలిపిందంటారు. మసి లేని ఆర్సెనిక్ ఆ ఇంట్లోకి ఎలా వచ్చిందో చూపించాలి. మీరూ రండి. ఆ యాసిడ్ సీసా కూడా తెచ్చుకోండి."

గాజు కొలిమి ఇంటి వెనకే. లోపల సెగ మొహాన కొడుతోంది. ఒక మూల పగలగొట్టిన గాజు గుట్టగా పడి ఉంది. పెద్దకొడుకు చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చి, ఇద్దరికీ గ్లాసుల్లో నీళ్ళిచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ గ్లాసు ఎత్తి వెలుగులో చూశాడు. గాజు నిండా బుడగలు. గసగసాలు చల్లినట్టున్నాయి.

"మీ సరుకేనా ఇది? పెద్దాయన గాజు నీళ్ళకంటే తేటగా ఉంటుందనేవారే."

"ఏం చెప్పమంటారు సార్. నాన్న పోయినప్పటి నుంచీ గాజంతా బుడగలే. సగం పగలగొట్టి మళ్ళీ కొలిమిలో వేస్తున్నాం. ఆయన చేతి చలవ అలాంటిది. ఆయనతోనే పోయింది."

"ఏమన్నా మార్చారా?"

"ఏమీ మార్చలేదు. అదే ఇసుక, అదే సోడా, అదే నాన్న మందు."

ఇన్‌స్పెక్టర్ గ్లాసు కింద పెట్టాడు.

"నాన్న మందా? అదేమిటి?"

"కరిగిన గాజులో ఒక చెంచాడు వేస్తాం. అదేమిటో ఆయనకొక్కడికే తెలుసు. ఎక్కడ కొనేవారో కూడా చెప్పేవారు కాదు. మందు పడందే గాజు తేటపడదురా అనేవారంతే. మేమూ పనివాళ్ళూ అందరం మందనే అంటాం."

అరలోంచి చిన్న సీసా తీసిచ్చాడు. లోపల తెల్లటి పొడి. సీసాల డాక్టర్ చిటికెడు పొడి గాజు పలక మీద పోసి, యాసిడ్ చుక్క వేశాడు. పొడి బుసబుసా పొంగింది.

"ఇది సుద్ద. కడుపు మంటకు నీళ్ళలో కలుపుకుని తాగేది. దీన్ని గాజులో వేస్తే బుడగలు ఎందుకు పోతాయి?"

పెద్దకొడుకు తెల్లబోయాడు. "నాన్నకు కడుపు మంట ఉండేది. కానీ ఆ మందు ఇంట్లో ఉండాలి కదా?"

"రెండు సీసాలూ ఒకేలా ఉంటాయా?"

"మా ఇంట్లో సీసాలన్నీ నాన్న ఊదినవే సార్, ఒకే అచ్చు. చీటీ అంటించనిచ్చేవారు కాదు. నా సీసాలో ఏముందో నాకు తెలీదా అని కసిరేవారు."

"గాజులో బుడగలు పోగొట్టడానికి వేసేది తెల్ల పాషాణం," డాక్టర్ నెమ్మదిగా అన్నాడు. "అంటే ఆర్సెనిక్కే. కొలిముల వాళ్ళకు మసి కలపకుండా అమ్ముతారు."

పెద్దకొడుకు పక్కనున్న ఇసుక బస్తా మీద కూర్చుండిపోయాడు.

హత్య కాదు. పొరపాటు. పెద్దాయన సుద్ద సీసాను కొలిమి దగ్గరకు తెచ్చుకుని అరలో మరిచిపోయాడు. దాని బదులు రెండో సీసా ఇంట్లోకి వెళ్ళింది. తీసుకెళ్ళింది ఎవరు? అది చెప్పగలిగేది ఒక్కతే.

శనివారం ఉదయం జైల్లో ఆమె చువ్వల అవతల నిలబడింది. మనిషి సగమైంది.

"ఆ రోజు మందు నీళ్ళు ఎలా ఉన్నాయమ్మా?"

"రోజూ పాలలా తెల్లగా అయ్యేవి సార్. ఆ రోజు పొడి అడుక్కి దిగిపోయింది. పైన నీళ్ళు నీళ్ళలానే ఉన్నాయి. సరిగ్గా కలవలేదేమోనని ఇంకోసారి తిప్పాను."

"ఈ మాట కోర్టులో ఎందుకు చెప్పలేదు?"

ఆమె తల దించుకుంది.

"కొలిమి నుంచి ఆ సీసా తెచ్చింది..."

"నేనే!" ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది జవాబు.

ఇన్‌స్పెక్టర్‌కు అప్పుడు అర్థమైంది. ఈమెకు ఎప్పుడో తెలుసు. ఈ గదిలో ఒంటరిగా కూర్చుని, ఏ టెస్టూ లేకుండా, అంతా తేల్చుకుంది. తేల్చుకుని నోరు మూసుకుంది.

"మీ ఆయన తెచ్చారు. అవునా అమ్మా?"

ఆమె చువ్వలు పట్టుకుంది. "మావయ్య కడుపు మంట అనగానే చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తారు సార్. నాన్నంటే ఆయనకు ప్రాణం. తన చేత్తో తెచ్చిందే నాన్నను చంపిందని తెలిస్తే బతకరు. ఆయనకు తెలియకుండా నన్ను బయటికి తేలేరా?"

"సీసా ఎవరు మార్చారో చెప్పకపోతే జడ్జిగారు నమ్మరమ్మా."

"అయితే నన్నిలాగే వదిలెయ్యండి."

బయటికొచ్చాక ఇన్‌స్పెక్టర్ జైలు గోడకు చేతులానించి నిలబడ్డాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇన్నేళ్ళ సర్వీసులో దోషులు దొరక్క ఏడ్చాడు గానీ, దొరికినందుకు ఎన్నడూ ఏడవలేదు.

ఆ మధ్యాహ్నం పెద్దాయన ఇంటి హాల్లో అందరినీ కూర్చోబెట్టారు. పెద్దకొడుకు, చిన్నకొడుకు, పెద్దాయన చెల్లెలు. కోర్టులో కోడలి మీద శాపనార్థాలు పెట్టింది ఈ చెల్లెలే. సీసాల డాక్టర్ టేబుల్ మీద గొట్టం, దీపం అమర్చుతున్నాడు.

"పెద్దమ్మా, మీ అన్నయ్య కడుపు మందు ఏమైంది?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"నా గదిలోనే ఉంది. పోలీసులు పొట్లం పట్టుకుపోయారు గానీ దాన్ని ముట్టుకోలేదు. పారెయ్యడమెందుకని దాచాను. నాకూ వారం నుంచి ఒకటే మంట. ఇవాళ భోజనం అయ్యాక వేసుకుందామని..." కొంగు చాటు నుంచి సీసా తీసింది.

ఇన్‌స్పెక్టర్ ఒక్క అంగలో వెళ్ళి సీసా లాక్కున్నాడు. ఆవిడ కెవ్వుమంది.

డాక్టర్ చిటికెడు పొడి యాసిడ్‌లో వేశాడు. జింక్ బుసలు కొట్టింది. దీపం గొట్టాన్ని నాకుతోంది. గొట్టం లోపల గోధుమరంగు మరక కనిపించింది. అది చిక్కబడి, నల్లబడి, తళుక్కుమంది.

అద్దం.

"మీ అన్నయ్యను చంపింది ఇదమ్మా. కోడలు కలిపింది కడుపు మందు అనుకునే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎలుకల మందులో మసి సంగతి చెప్పాడు. గ్లాసులో బుడగల సంగతి చెప్పాడు. "రెండు సీసాలు. రెండింటి పేరూ మందే. కొలిమి మందు ఇంటికొచ్చింది, ఇంటి మందు కొలిమిలో ఉండిపోయింది."

చిన్నకొడుకు కళ్ళు మెరిశాయి. "అంటే ఆవిడ తప్పేం లేదు! సీసా మార్చిందెవరు సార్?"

ఇన్‌స్పెక్టర్ అతని వైపు చూడలేకపోయాడు. "ఎవరో పనివాడు తెచ్చి ఉంటాడు. అది నేను చూసుకుంటాను."

డిపార్ట్‌మెంట్‌లో ఆయనను ఎన్నో అన్నారు గానీ అబద్ధాలకోరు అని ఎవరూ అనలేదు. అలవాటు లేని పని, అతకలేదు.

"పనివాడా?" అంది మేనత్త. "పనివాళ్ళు ఇంట్లో అడుగుపెట్టరే! ఆ రోజు అన్నయ్య అడిగితే వెళ్ళింది మన..."

అక్కడ ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిన్నకొడుకు తన అరచేతులు చూసుకున్నాడు. అతని మొహంలో రక్తం మెల్లగా దిగిపోవడం అందరికీ కనిపించింది.

"అరలో రెండున్నాయి," అన్నాడు. "ముందున్నది తీశాను. వెనకది చూడలేదు. తొందరలో ఉన్నాను."

పెద్దకొడుకు లేచి తమ్ముణ్ణి పట్టుకోబోయాడు. అతను విడిపించుకుని ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డాడు.

"ఎవరో తెచ్చారంటే జడ్జిగారు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోరు."

"నేను తెచ్చానని నేనే చెబితే?"

"ఒప్పుకుంటారు."

"కాగితం తెండి సార్." అతను టేబుల్ దగ్గరకు నడిచాడు. "మీతో ఏమన్నాను? ఎవరైనా సరే నా ముందు నిలబెట్టమన్నాను. నిలబెట్టారు."

సంతకం పెట్టేదాకా అన్నయ్య అతని భుజం పట్టుకునే ఉన్నాడు.

ఆదివారం సాయంత్రం జడ్జి ఆర్డరు మీద జైలు గేటు తెరుచుకుంది. ఆమె బయటికొచ్చి ముందు భర్త మొహం చూసింది. చూడగానే తెలిసిపోయింది. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"చెప్పేశారా?"

"నేను చెప్పలేదమ్మా. ఆయనే చెప్పారు."

ఆమె గబగబా భర్త దగ్గరకు వెళ్ళింది. "మందు కలిపింది నేనే," అంది, మొదటి రోజు పోలీసుల ముందు అన్నట్టే. "వినండి. కలిపింది నేను, తాగించింది నేను. మీకేం సంబంధం లేదు."

"తెచ్చింది నేను." అతను ఏడుస్తున్నాడు. "ఇన్నాళ్ళూ అంతా నువ్వొక్కదానివే మోశావు. ఇంక చాలు. నా సగం నాకిచ్చెయ్."

ఆమె చెయ్యి చాచింది. అతను పట్టుకున్నాడు.