వనజాక్షి చెప్పిన గాలి

"రెండు గ్లైడర్లు, ఇద్దరు పైలట్లు, ఒకటే రిపోర్ట్." చీఫ్ గంగాధరప్ప ఫైలు విసిరాడు. "గాలి వెనక నుంచి తోస్తాంటే దిగి సచ్చినారంట. పైలట్ ఎర్రర్ అంట. నువ్వు నమ్ముతావాప్పా?"

"నమ్మను సార్," అన్నాడు ఏజెంట్ ఐజాక్. గాలికి ఎదురుగా దిగాలన్నది గ్లైడర్ ఎక్కే ప్రతివాడికీ మొదటి పాఠం.

"రెండింట్లోనూ సీక్రెట్ కెమెరా మాయం. విదేశీ ముఠా పని. మూడోది నీ గ్లైడర్లో ఉండాది. ఆపదొస్తే బటన్ నొక్కు. స్ట్రిప్ చివర క్వారీ కాడ నాపరాళ్ల లారీలో కమాండోలుంటారు. ఈ సంగతి మనిద్దరికే తెలుసు."

శింగనమల అవతల ఎయిర్‌స్ట్రిప్‌లో రేడియో ముందు వనజాక్షి కూర్చుంది. ధర్మవరం పట్టు కట్టి పార్టీల్లో రాయబారుల నోళ్లు విప్పించగల అందగత్తె, ఐదేళ్లుగా ఐజాక్ జోడీ. పోయిన పైలట్లకు గాలి చెప్పిందీ ఆమే. వాళ్లు తన మాట వినలేదని ఆమె ఏడిస్తే, కళ్లు తుడిచింది ఐజాకే. ఈ మిషన్ కాగానే పెళ్లి మాట ఎత్తాలని అతని ఉబలాటం.

"గాలి దిక్కు చూపే సంచి చినిగింది, కుట్టను పంపినా. నా మాట ఇను సాలు," అంది నవ్వుతూ.

సాయంత్రం నాలుగుకు గ్లైడర్ కిందికి దిగసాగింది. ఇంజన్ లేని బండి, గురి తప్పితే మళ్లీ పైకి లేవదు.

"గోరింకా, తూర్పు గాలి. పడమటి నుంచి వచ్చి దిగు," అంది వనజాక్షి, రేడియోలో అతని మారుపేరుతో పిలుస్తూ.

కింద కళ్లంలో ఒకామె కొర్రలు తూర్పారబడుతోంది. పొట్టు తూర్పుకే ఎగురుతోంది. అంటే వీచేది పడమటి గాలి! ఆమె చెప్పినట్టు దిగితే గాలి వెనక నుంచి నెట్టి, స్ట్రిప్ చివరి క్వారీలో పడేస్తుంది.

పాపం, పొరబడింది అనుకున్నాడు ఐజాక్. రేడియోలో దిద్దితే పైవాళ్లు వింటారు, ఆమెకు మాట వస్తుంది. నోరు మెదపకుండా గ్లైడర్ తిప్పి, తూర్పు నుంచి క్వారీ మీదుగా దిగాడు.

క్వారీ అంచున అంబులెన్స్. పక్కన నలుగురు, చేతుల్లో కట్టర్లు, చూపులు పడమటికి. ప్రమాదం జరగకముందే ఎవరు పిలిచారు వీళ్లని? ఐజాక్‌కు అర్థమైంది. ఆమె పొరబడలేదు. కళ్లు మసకబారుతున్నా బటన్ నొక్కాడు. తలల మీదుగా నీడ పోగానే ఒకడు తిరిగి పిస్టల్ ఎత్తాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోపు లారీలోంచి దూకిన కమాండోలు వాడి మీద పడ్డారు. గ్లైడర్ చక్రం నేలను తాకింది.

బేడీలు పడినా వనజాక్షి తల దించలేదు. "దిగేదాకా నోరు మెదపలేదే! నా మీద అనుమానం ఎప్పుడొచ్చింది?"

"రాలేదు," అన్నాడు ఐజాక్. "నీకు మాటొస్తాదని గమ్మునుండినా. రేడియోలో ఒక్క మాటంటే నీవాళ్లు పారిపోయుండేటోళ్లు."

గంగాధరప్ప ఐజాక్ భుజం తట్టాడు. "మెడల్‌కు రాస్తాండా. కారణం ఏమని రాయల్లప్పా?"

"గుడ్డితనమని రాయండి సార్," అన్నాడు ఐజాక్.