కాపుగూళ్ళు

ఆ ఉదయం ట్రామ్‌లో పక్కసీటాయన మర్యాదకి హైమవతిని పలకరించాడు.

"మీ ఎలుక కులాసానా అమ్మా?"

ఆ రోజుల్లో మనిషిని బాగున్నావా అని ఎవరూ అడిగేవారు కారు. యాభై దాటిన ప్రతి మగవాడికీ మూషికశాలలో అతనికి జంటగా ఒక ఎలుక ఉండేది. దాని ఒంట్లో అతని రోగనిరోధక కణాలే ఎక్కించేవారు. అతని ప్రోస్టేట్ గ్రంథిలో కంతి పుడితే అందులో ఒక ముక్క ఎలుక గ్రంథిలో నాటేవారు. మందు ముందు ఎలుకకి, ఫలిస్తేనే మనిషికి. అన్నీ ఎలుకే చెబుతుంటే ఇక మనిషిని పలకరించడమెందుకు?

"మా అన్నయ్యదండీ. బ్రహ్మాండంగా ఉంది," అంది హైమవతి గర్వంగా.

మొదట్లో అలా లేదు. నియమం ప్రకారం ఒంటరి పెట్టెలో ఉంచితే తిండి మాని ముడుచుకుపోయింది. శాలలో కణపరీక్షలు చేసే హైమవతి చూడలేక, రోజూ పని కాగానే దాన్ని అరచేతిలోకి తీసుకుని కబుర్లు చెప్పేది. కొన్నాళ్ళకి ఒంటి లోపలి కణాల్ని చూపే అంతర్దర్శినిలో చూస్తే, కంతి చుట్టూ రోగనిరోధక కణాలు గుంపులు కట్టి, కాపలా కాసేందుకు కాపుగూళ్ళు అల్లుకున్నాయి. కంతి కరిగింది. అదే మందు అన్నయ్య శ్రీపతికి ఇచ్చారు. ఆయన ప్రాణం ఇక ఆ మందు మీదే ఉంది.

ఇవాళ ఆయన గ్రంథి ముక్క ఆమె బల్లమీదికి వచ్చింది. ఒక్క గూడైనా లేదు. కణాలు ఎక్కడివక్కడ చెదిరి ఉన్నాయి. కంతి ఎముకల దాకా పాకిందని రిపోర్టు.

"అదే మందు, అవే కణాలు. తేడా ఎక్కడొచ్చిందండీ?" అంది పెద్ద డాక్టరు నరహరితో.

ఆయన ఆ ముక్కని మరోసారి పరీక్షగా చూశాడు. "దిగులు పడ్డ ఒంట్లో ఈ గూళ్ళు కట్టవేమో. ఎలుకకి మీరున్నారు. మీ అన్నయ్యగారి దగ్గర ఎవరుంటారమ్మా?"

వదిన పోయాక అన్నయ్య ఒక్కడే. ఎలుక కోలుకున్నాక హైమవతి ఆ ఇంటి గడప తొక్కనేలేదు. రోజూ అన్నయ్యనే చూసి వస్తున్నాననుకుంది. ఆ సాయంత్రం పని కాగానే ఆమె నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్ళింది.

తలుపు తీసిన శ్రీపతి సగానికి సగం చిక్కిపోయి ఉన్నాడు. చెల్లెల్ని చూసి కంగారుగా కుర్చీ మీది బట్టలు తీశాడు.

"ఈ వేళప్పుడు వచ్చావేమిటే? దాని దగ్గరికి వెళ్ళలేదా?"

"లేదన్నయ్యా. నీ దగ్గరికే వచ్చాను."

"రోజూ చేతిలో పెట్టుకుని కబుర్లు చెబుతావటగా. విన్నప్పుడల్లా నాకెంత సంతోషమో!" గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు. "కాసేపు కూర్చుని బయల్దేరమ్మా. పాపం, నీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది."